ముందు గుర్రం, తర్వాత మన సామాను

గుర్రం మీద చాలా రోజుల ప్రయాణానికి సామాను సర్దేటప్పుడు అందరూ "నాకు ఏమేం కావాలి?" అని జాబితా రాస్తారు. "గుర్రం ఎంత మోయగలదు?" అనేదే మొదటి ప్రశ్న కావాలని నా అభిప్రాయం.

అమెరికాలో పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ ఉంది. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా సుమారు 2,650 మైళ్ళు. ఆ దారిలో సైకిళ్ళకు అనుమతి లేదు, గుర్రాలకు ఉంది. అందులో ఒక్క వారం వెళ్ళినా ఈ లెక్క తప్పదు.

గుర్రం బరువులో 20 శాతం కంటే ఎక్కువ దాని వీపు మీద పెట్టకూడదు అని చాలామంది పాటిస్తారు. మనిషి, జీను, సామాను అన్నీ ఆ 20 శాతంలోనే. గుర్రం 1,000 పౌండ్లు ఉంటే 200 పౌండ్లు. మనిషి 150, జీను 30 అయితే సామానుకి మిగిలేది 20 పౌండ్లే! టెంటు, పడక, గిన్నెలు, ఎలుగుబంటి తెరవలేని తిండి డబ్బా అందులో పట్టడం కష్టం. అయితే సామాను తగ్గించాలి, లేదా బరువు మోయడానికి ఇంకో గుర్రం కావాలి.

తర్వాత సమతూకం. నేను ఇంగ్లీషు మీడియంలో చదివాను, "కావడి" అనే మాట ఈ వయసులో నేర్చుకున్నాను. గుర్రానికి రెండు పక్కల వేలాడే సంచులు కూడా కావడి లాంటివే. చేత్తో ఎత్తి చూస్తే చాలదు, చిన్న వేలాడే త్రాసుతో తూచండి. ఒక పక్క బరువెక్కువైతే జీను అటు జారుతుంది. వీపు ఒరుసుకుపోయి పుండు పడుతుంది. ఇక ప్రయాణం ఆగినట్టే.

మా గుడిలో పల్లకి మోసేవాళ్ళు భుజం నొప్పి పుడితే "కాస్త ఆగండి, భుజం మార్చుకుంటాం" అంటారు. గుర్రం అలా అడగలేదు. అందుకే రోజూ సాయంత్రం జీను తీసి, దాని వీపు చేత్తో తడిమి చూడాలి.

"సౌకర్యం లేకపోతే సెలవు ఎందుకు?" అని కొందరు అడుగుతారు. మడత కుర్చీ, రెండో జత బూట్లు మనకి సౌకర్యమే. కానీ వాటిని మోసేది మనం కాదు కదా!

నేనైతే కొన్నిటిని మాత్రం వదలను. డెక్కల్లో ఇరుక్కున్న రాళ్ళు తీసే కొక్కెం. లాడం ఊడితే డెక్కకి తొడిగే బూటు. రాత్రి గుర్రాన్ని కట్టడానికి రెండు చెట్ల మధ్య ఎత్తుగా లాగే తాడు, చెట్ల బెరడు చెడకుండా వెడల్పు పట్టీలు. కలుపు గింజలు లేని దాణా కూడా. మామూలు గడ్డి తెస్తే అందులోని గింజలు అడవిలో మొలుస్తాయి. అందుకే చాలా ప్రభుత్వ అడవుల్లో అలాంటి దాణానే తేవాలని నియమం.

ఈసారి జాబితా రాస్తే మొదటి వరుసలో మీ గుర్రం బరువు రాయండి. మన వస్తువులు దాని కింద రాసుకుందాం.