మన మాటల్ని మనకే అమ్ముతున్నారు

కొడుకు లేడే అని నిట్టూరుస్తాడొక తండ్రి. ఆ మాట చెవినపడ్డ నల్లని కూతురు క్రీము రాసుకుంటుంది, తెల్లబడుతుంది, ఎయిర్‌హోస్టెస్ ఉద్యోగం తెచ్చుకుంటుంది. తండ్రి మురిసిపోతాడు. హిందుస్తాన్ లీవర్ వారి ఫెయిర్ అండ్ లవ్లీ ప్రకటన ఇది. ఐద్వా ఫిర్యాదులు చేసి, జాతీయ మానవ హక్కుల కమిషన్ దాకా వెళ్లి పోరాడాక 2003లో దీని ప్రసారం ఆగింది.

పెళ్లి కోసం తెలుపు అన్నంతకాలం శత్రువెవరో తెలిసేది. ఎర్రగా బుర్రగా ఉన్న పిల్లే కావాలనే పెళ్లిచూపుల వాళ్లని మనం ఎరుగుదుం. ఈ ప్రకటన వాళ్లని మించిపోయింది. ఆడపిల్ల సంపాదించాలి, తన కాళ్లమీద తను నిలబడాలి, కొడుక్కి ఏమాత్రం తీసిపోదు - ఇవన్నీ మన మాటలు. తరాలుగా ఆడవాళ్లు తిట్లూ తన్నులూ తిని నిలబెట్టుకున్న మాటలు. వాటినే ట్యూబులో కూరి మనకి అమ్మజూపారు.

ఈ విద్య కొత్తదేం కాదు. ఫ్రాయిడ్ మేనల్లుడు ఎడ్వర్డ్ బెర్నేస్ 1928లో 'ప్రాపగాండా' అనే పేరుతోనే పుస్తకం రాశాడు. ఆ మరుసటి ఏడాది ఈస్టర్ ఆదివారం నాడు న్యూయార్క్ ఫిఫ్త్ ఎవెన్యూలో కొందరు యువతుల చేత సిగరెట్లు వెలిగింపజేసి, వాటిని స్వేచ్ఛా కాగడాలన్నాడు. ఆడవాళ్లు వీధిలో సిగరెట్ కాల్చడం తప్పనుకునే రోజులవి. పత్రికలు దాన్ని వార్తగా వేశాయి. డబ్బులు పెట్టిన అమెరికన్ టొబాకో కంపెనీ తెరవెనకే ఉండిపోయింది. అక్కడి స్త్రీలు ఓటుహక్కు సాధించి అప్పటికి తొమ్మిదేళ్లు!

నలుపు తప్పని కంపెనీ నోరు తెరిచి అనక్కర్లేదు. ముందు ఒక దిగులు మొహం చూపిస్తుంది. దిగులంతా చర్మంలోనే ఉందంటుంది. తండ్రి నిట్టూర్పు సంగతేమిటి? రంగు చూసి ఉద్యోగమిచ్చేవాడి సంగతేమిటి? జబ్బు వాళ్లది, మందు మాత్రం పిల్ల మొహానికి. ఇక ఆత్మవిశ్వాసమంటారా, ముందు లాక్కుని తర్వాత వాయిదాల్లో అమ్ముతారు. వాయిదాలంటే కిరాణాకొట్లో దండలా వేలాడే ఆ చిన్న చిన్న ప్యాకెట్లే.

ప్రకటనలు చూసి మోసపోవడానికి జనం అంత అమాయకులా అని కొందరు మేధావులు అడుగుతుంటారు. కట్నం కాస్తయినా తగ్గుతుందేమోనని కూతురికి క్రీము కొనే తల్లి అమాయకురాలా? నలుపుకి ఈ సమాజం ఎంత ధర కట్టిందో ఆమెకి పైసలతో సహా తెలుసు. ప్రచారం ఆ తెలివి మీదే బతుకుతోంది. కాబట్టి అక్షరాస్యత పెరిగితే ఇవన్నీ పోతాయనే వాదం నాకు ఎక్కదు.

ప్రకటన ఆగిన ఆ 2003లోనే ఫెయిర్ అండ్ లవ్లీ ఫౌండేషన్ పుట్టింది, ఆడపిల్లల చదువుకి స్కాలర్‌షిప్పులతో. వాటితో చదువుకున్న పిల్లల్ని నేనేమీ అనను. 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి నల్లగా ఉన్నవాళ్లని దిగులుగా, తక్కువగా చూపించొద్దని నియమాలు పెట్టింది. 2020లో, జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత లేచిన నిరసనల సెగ తగిలి, కంపెనీ పేరులోంచి 'ఫెయిర్' తీసేసి 'గ్లో' పెట్టుకుంది. గెలిచామని మిత్రులు ఫోన్లు చేశారు. తెలుపు అని రాసి ఉంటే ఫిర్యాదు చేయొచ్చు. కాంతి మీద ఏమని రాద్దాం?