మడుగులోని విత్తనం

ఉరవకొండ సీమలో చేపల వేటను గురించి సంపాదకీయం వ్రాయబూనితే కొందరు నవ్వవచ్చును. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే ఎరిగిన జిల్లా ఇది. ఇక్కడ పెన్న నది అనిపించుకొనేది వానలు కురిసిన కొద్ది దినాలే. తక్కిన కాలమంతా అది వట్టి ఇసుక దారి. అయినను ఆ ఇసుక నడుమనున్న రాతి గుండాల్లో, ఎండిపోతున్న చెరువుల లోతట్టున మిగిలే మడుగుల్లో చేప ఉన్నది. చేప ఉన్నచోట గాలం పట్టుకొని కూర్చున్న బాలుడును ఉన్నాడు. ఆ బాలునికోసం, అతనికి పాఠం చెప్పే ఉపాధ్యాయునికోసం ఈ నాలుగు మాటలు.

1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తి అయిన తరువాత ఈ మెట్ట భూముల కథ కొంత మారినది. ఎగువ కాలువ నీరు పెన్నహోబిలం జలాశయానికి చేరినది. అటుపిమ్మట హంద్రీ-నీవా కాలువ కృష్ణాజలాలను జీడిపల్లి దాకా తెచ్చినది. నీటితోపాటు బొచ్చె, శీలావతి వంటి పెంపుడు చేపలును వచ్చినవి. కాని ఏ కాలువ కొరకూ ఎదురుచూడక కరవుతో కాపురం చేసిన చేప వేరొకటి ఉన్నది. అది కొరమీను.

కొరమీను మొప్పలతో మాత్రమే బ్రతికేది కాదు. నీటి పైకి వచ్చి గాలి పీల్చుకొంటుంది. మడుగు ఇంకిపోయినా అడుగున తడి ఆరనంతకాలం బురదలో దాగి ప్రాణం నిలుపుకొంటుంది. వానలు పడగానే తుంగ, నాచుల నడుమ కొంత జాగా చదును చేసికొని గుడ్లు పెడుతుంది. గుడ్లు నీటిపై తేలుతూ ఉంటే క్రింద తండ్రిచేప కాపలా ఉంటుంది. పిల్లలు ఎర్రని ముద్దవలె గుంపుగా తిరుగుతూ, గాలికోసం ఒక్కమారుగా పైకి వస్తవి. ఆ దినాల్లో దగ్గరకు వచ్చినదాని నెల్ల కాపలా చేప కరవబోతుంది. అందుచేతనే గాలానికి అది సులువుగా చిక్కుతుంది. అది ఎర కోసం నోరు తెరచినది కాదు, పిల్లల కోసం తెరచినది. దానిని ఒడ్డుకు లాగిన వెంటనే ఇతర మీనాలు ఆ పిల్లలపై పడతవి. ఒక్క చేపను పట్టినామని మనం అనుకొంటాము. ఒక సంతానమే పోయినది.

గాలపు వేట మనకు క్రొత్త విద్య కాదు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య చక్రవర్తి సోమేశ్వరుడు తన 'మానసోల్లాస'మందు మత్స్యవినోదానికి ఒక అధ్యాయమే కేటాయించినాడు. చేపల జాతులను, వాటి నివాసాలను, ఏ చేపకు ఏ మేత వేయవలెనో, గాలపు త్రాడు ఎట్లు ఉండవలెనో సంస్కృత శ్లోకాల్లో వివరించినాడు. పట్టేవాడు ముందు ఎరుగవలె ననునదే ఆ అధ్యాయం మనకిచ్చే పాఠం. సింహాసనమెక్కినవాడు చేప స్వభావాన్ని అంత శ్రద్ధగా పరిశీలిస్తే, మడుగు ప్రక్కనే పుట్టిన మన విద్యార్థి దానిని చూడకపోవడం విచారకరం.

అమెరికా ఖండపు నదుల్లో బాస్ అనే మంచినీటి చేప ఉన్నది. అందును మగచేపయే గూడు తవ్వి, గుడ్లను, పిల్లలను కాస్తుంది. దానిని గాలంతో పట్టడం అక్కడివారికి గొప్ప వినోదం. అయినను కెనడాలోని పలు ప్రాంతాల్లో గుడ్లు పెట్టే ఋతువులో ఆ వేటను నిషేధించినారు. తక్కిన కాలంలోను పట్టిన చేపను తడిచేతితో గాలం విడిపించి తిరిగి నీటిలో వదలేవారు అనేకులు. నిండు నదులు, సరస్సులు గలవారికే ఆ జాగ్రత్త అవసరమైతే, మడుగులపై బ్రతికే మనకు ఎంత అవసరమో వేరే చెప్పనేల?

గాలం చేసే కీడు కొద్దిదే. మందుగుండు ప్రేల్చి, విషం కలిపి పట్టే వేట అట్టిది కాదు. అది గుడ్డును, పిల్లను, తల్లిని ఒక్క పూటలో తుడిచిపెడుతుంది. ఈ రెండు పద్ధతులను నేరాలుగా 1897 నాటి భారత మత్స్య చట్టమే ప్రకటించినది. చట్టం పుట్టి నూరేండ్లు దాటినది. మడుగు దగ్గర మాత్రం దాని మాట వినిపించడం అరుదు. పోలీసు ప్రతి గుండం కడ నిలువలేడు. ఊరి కన్ను నిలువగలదు.

శృంగేరిలో తుంగానది రేవున చేపలను ఎవరూ పట్టరు. యాత్రికులు బొరుగులు చల్లితే పెద్ద పెద్ద మీనాలు చేతి దగ్గరకు వస్తవి. అక్కడ కాపలా కాసేది భక్తి. ఆ తుంగ నీరే భద్రతో కలిసి, ఆనకట్ట దాటి, కాలువ వెంట మన సీమకు వస్తున్నది. నీరు వచ్చినది, ఆ మర్యాదయు రావలె. అది భక్తివలన వస్తేనేమి, పాఠశాల వలన వస్తేనేమి?

ఆకలిగొన్నవాని చేతిలోని గాలాన్ని లాగివేయుమని మేము చెప్పడం లేదు. చేప పేదవాని కూడు. మేము కోరేది స్వల్పం. తొలకరి మొదలు పిల్లలు పెద్దవయ్యేవరకు ఎర్రని గుంపు కనబడిన చోట గాలం వేయరాదు. తెలియక పడిన కాపలా చేపను వెంటనే వదలివేయవలె. ఉపాధ్యాయులు ఒక వానకాలపు ఉదయాన విద్యార్థులను చెరువు గట్టుకు తీసికొనిపోయి ఆ గుంపును చూపవలె. పుస్తకంలోని జీవశాస్త్రం అక్కడ ఊపిరి పీలుస్తూ కనబడుతుంది.

మన రైతుకు ఈ నీతి క్రొత్త కాదు. ఎన్ని కరవులు వచ్చినా ఇంటిలో విత్తనపు వేరుసెనగ మూటను అతడు తేలికగా ముట్టడు. పిల్లలు పస్తున్న రాత్రి కూడా ఆ మూటవంక చూచి, కన్ను త్రిప్పుకొన్న తండ్రులు ఈ సీమలో ఎందరో ఉన్నారు. పెన్న ఎండిన వేళ మడుగులో మిగిలిన కొరమీను కూడా అట్టి విత్తనపు మూటయే. దానిని వచ్చే వానకు అప్పగించడం మన విధి.