తీర్పును నమ్మని తల్లి

కొమ్మూరి సాంబశివరావుగారి నవలలను తెల్లవారులు చదివిన తరమువారు కైకలూరులో నేటికిని కొందరు గలరు. వారి మనస్సులో అపరాధ పరిశోధకుడనగా యుగంధరుడే. పోలీసులకు అంతుపట్టని హత్యను చివరి పుటలలో తేల్చి, దోషిని వేలెత్తి చూపు మేధావి. ఇబ్రహీంపట్నము హాస్టలు హత్యలో ఆ చివరి పుట యెవ్వరును వ్రాయలేకపోయిరి.

2007 డిసెంబరు 27న, మన ఊరును ఇబ్రహీంపట్నమును ఒకే కృష్ణా జిల్లాలో నున్న రోజులలో, బి.ఫార్మసీ చదువుచున్న బాలిక యొకతె ఆ హాస్టలులో హతురాలై కనబడెను. మరుసటి యేడు ఆగస్టులో పోలీసులు నందిగామ ప్రాంతపు పేద యువకుడగు సత్యంబాబును పట్టి తెచ్చి, వీడే హంతకుడని ప్రకటించినపుడు, కడుపుకోతతో కుమిలిపోవుచున్న ఆ బాలిక తల్లి, ఎవడో యొకడు శిక్షింపబడిన చాలునని ఊరడిల్లక, ఇతడు దోషి కాడని బహిరంగముగా పలికెను. 2010లో విజయవాడ మహిళా సెషన్సు కోర్టు అతనికి శిక్ష విధించినను ఆమె మాట మారలేదు. 2017 మార్చి 31న హైకోర్టు అతనిని నిర్దోషిగా విడిచిపెట్టి, లక్ష రూపాయల పరిహార మిమ్మని ఆజ్ఞాపించెను. ఆమెకు శిక్షణ లేదు, అధికారము లేదు. అయినను తన బిడ్డను చంపినవాడని చూపబడిన మనిషినే నిర్దోషి యని నమ్మి నిలిచిన ఆ తల్లికంటె గొప్ప పరిశోధకుని నేనెరుగను.

2018లో హైకోర్టు ఉత్తరువుపై దర్యాప్తు సీబీఐ చేతికి వచ్చెను. అప్పటికి విజయవాడ కోర్టున భద్రపరుపవలసిన భౌతిక సాక్ష్యములు ధ్వంసమైపోయినవి! 2019 డిసెంబరులో తెనాలిలో సమాధిని త్రవ్వి, ఆ బాలిక అవశేషములను మరల పరీక్షింపవలసి వచ్చెను. ఆ దినమున ఆ తల్లిదండ్రులు పడిన వేదనకు ఎవరు బాధ్యులు?

ఇప్పుడు చేతిలో ఫోనున్న ప్రతివాడును పరిశోధకుడే. పాత హత్యలను తవ్వి తీయుట తప్పనను. హత్యానేరమునకు మన చట్టమున కాలపరిమితి లేదు, అభియోగపత్రము దాఖలైన పిమ్మటను తదుపరి దర్యాప్తునకు అవకాశము గలదు. కాని ఆధారము లేక ఒకరి పేరును యూట్యూబులో చాటువాడు మరియొక సత్యంబాబును తయారు చేయుచున్నాడు. హత్య జరిగిన రాత్రి ఎవరు వచ్చిరి, ఎవరు పోయిరి, తాను కన్నదేమి, పరులవలన విన్నదేమి అని వేరువేరుగా తేదీలతో వ్రాసి, న్యాయవాది ద్వారా కోర్టు ముందుంచుటయే ఔత్సాహికుడు చేయదగిన పని.

అట్టివాడు పదేండ్లకో ఇరువదియేండ్లకో క్రొత్త ఆధారముతో వచ్చినపుడు, దానితో పోల్చి చూచుటకు నెత్తుటి మరకయో, వెండ్రుకయో మిగిలి యుండవలదా? కావున హంతకుడు తేలని కేసులలోని వస్తువులను, కైకలూరు కోర్టు మొదలుకొని రాష్ట్రమందలి ఏ కోర్టులోనైనను, మృతుల కుటుంబమునకు నోటీసిచ్చి హైకోర్టు లిఖితపూర్వకానుమతి పొందనిదే నాశనము చేయరాదని నియమము చేయవలెను.