సంప్రదాయం పేరిట

"ఇది మా కాలేజీలో ఎప్పటినుంచో వస్తున్న సంప్రదాయం మేడమ్." వేధింపుల ఫిర్యాదులు విచారించే కమిటీల్లో కూర్చున్నప్పుడు నేను తరచుగా విన్న మాట ఇది. అనేవారి గొంతులో తప్పు చేశామన్న భావన ఉండదు. గర్వం ఉంటుంది. ఆ ఒక్క మాటతో చేసినవాళ్ళు కనబడకుండా పోతారు, ఫిర్యాదు చేసిన అమ్మాయి మాత్రం దోషిగా మిగులుతుంది. సంప్రదాయం అనే మాట ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ కవాతు బ్యాండు చరిత్ర మనకు ఉపయోగపడుతుంది.

విద్యార్థుల సైనిక శిక్షణకు తోడుగా 1878లో మొదలైన బ్యాండు అది. తర్వాత ఫుట్‌బాల్ మైదానానికి చేరింది. 1934లో దాన్ని పూర్తిగా ఇత్తడి వాద్యాలు, డ్రమ్ముల బృందంగా మార్చారు. 1936 నుంచి వాయిస్తూ, నడుస్తూ 'ఒహాయో' అనే పేరును ఇంగ్లీషు అక్షరాల్లో మైదానం మీద రాస్తున్నారు. చివర 'ఐ' మీద చుక్కగా ఒక సూసాఫోన్ వాద్యకారుడు వచ్చి నిలబడితే స్టేడియం హోరెత్తిపోతుంది. ఆ చుక్క కావడం అక్కడి విద్యార్థికి జీవితకాలపు గౌరవం.

ఈ గౌరవాలన్నీ దాదాపు 95 ఏళ్ళపాటు మగవాళ్ళవే. విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధించే 'టైటిల్ నైన్' చట్టం 1972లో వచ్చింది. మరుసటి ఏడాది, 1973లో, స్త్రీలు ఆ బ్యాండులో అడుగుపెట్టారు. అప్పటిదాకా స్త్రీలకు ప్రతిభ లేక కాదు, ప్రవేశం లేక. తలుపు తెరిచాక కూడా వాద్యాల విభజన ఉండనే ఉంది. ఫ్లూట్, క్లారినెట్ ఆడపిల్లలకు, ట్రంపెట్, డ్రమ్ము మగపిల్లలకు అనే భావన అమెరికా బడుల్లో బలంగా ఉండేది. ఇత్తడి వాద్యాల బ్యాండులో ఫ్లూట్‌కి చోటెక్కడ? మన ఇళ్ళలో కూతురికి వీణ నేర్పించే తండ్రి మృదంగం అనేసరికి తటపటాయించడం మనకు తెలియనిది కాదు.

చోటు దొరికిన తర్వాత జరిగింది ఇంకా ముఖ్యమైనది. 2014లో ఒక ఫిర్యాదుపై యూనివర్సిటీ విచారణ జరిపింది. కొత్తగా చేరినవారికి సీనియర్లు అసభ్యమైన పేర్లు పెట్టడం, వాటికి తగ్గట్టు 'అభినయించి' చూపమనడం, బూతు పాటలు, ఏటా అర్ధరాత్రి లోదుస్తులతో స్టేడియంలో కవాతు చేయడం వంటివి ఆ నివేదికకెక్కాయి. అదే జులైలో బ్యాండు డైరెక్టర్‌ను తొలగించారు. తాను ఆ వాతావరణాన్ని మార్చే ప్రయత్నంలోనే ఉన్నానని ఆయన వాదించారు. పూర్వ విద్యార్థులు అనేకమంది ఆయన పక్షాన నిలిచారు. ఇదంతా పాత ఆచారమేననీ, ఎవరినీ బలవంతపెట్టలేదనీ అన్నారు.

బలవంతం లేదనే వాదనను మనం జాగ్రత్తగా పరిశీలించాలి. ఆ బ్యాండులో చోటు శాశ్వతం కాదు. బయట ఉన్నవారు లోపలివారిని పోటీకి పిలిచి వాయించి గెలిస్తే స్థానం మారిపోతుంది. ఇంత కష్టపడి సంపాదించుకున్న చోటులో, సీనియర్ల మెప్పు మీద ఆధారపడి బతికే పద్ధెనిమిదేళ్ళ అమ్మాయి చిరునవ్వుని సమ్మతి అనగలమా? దాన్ని నేను సమ్మతి అనలేను.

సంప్రదాయాలు ఆకాశం నుంచి ఊడిపడవు. 1936లో తొలిసారి ఆ 'ఐ' మీద చుక్కగా నిలబడింది సూసాఫోన్ కాదు, కార్నెట్ వాయించే విద్యార్థి. తర్వాత మార్చుకున్నారు, అదే ఈనాడు పవిత్రమైంది. చుక్కని మార్చుకోగలిగినవారు బూతు పేర్లని మార్చుకోలేరా? మార్చడం చేతకాక కాదు, మార్చాలని అనిపించక.

మన దగ్గర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. పని స్థలాల్లో లైంగిక వేధింపులపై 2013లో చట్టం వచ్చింది. అయినా హాస్టళ్ళలో, కళాబృందాల్లో, క్రీడా జట్లలో 'పరిచయ కార్యక్రమాలు' ఆగలేదు. అమ్మాయిల సంఖ్య పెరిగిందని లెక్కలు చూపి సంతృప్తిపడటం మనమూ మానుకోవాలి. కాలేజీలకు వెళ్ళే మన కార్యకర్తలు ఎంతమంది చేరారని అడగడంతో ఆగకుండా, చేరినవారిని ఏ పేరుతో పిలుస్తున్నారని కూడా అడగాలి. వరసలో చోటు మనం పోరాడి తెచ్చుకున్న హక్కు. ఆ వరసలో తలెత్తుకుని నడవడం కూడా హక్కే.