చీకట్లో తుపానును చూసే కన్ను



ఆకాశంలో ఒకేచోట నిలబడి, రాత్రింబగళ్ళు మనవైపే చూస్తూ ఉండే ఒక కావలివాడి సంగతి ఈ నెల చెబుతాను. అంతకుముందు ఒక పాత సంగతి వినండి.

1977 నవంబరు 19వ తేదీన బంగాళాఖాతంలోని తుపాను కృష్ణాజిల్లా దివిసీమను తాకింది. సముద్రం 5 మీటర్ల ఎత్తున లేచి ఊళ్ళమీద పడింది. పదివేలమంది దాకా చనిపోయారు. తుపాను వస్తున్నదని వాతావరణశాఖవారు చెప్పకపోలేదు. కాని ఆ మాట గుడిసెల దాకా సరిగా చేరలేదు. పైగా, తుపానును కనిపెట్టి చూసే స్వంత ఉపగ్రహం అప్పటికి మన దేశానికి లేదు.

అటువంటి ఉపగ్రహం, ఇన్‌శాట్-1బి, 1983 ఆగస్టులో అమెరికావారి చాలెంజర్ నౌకలో ఆకాశానికి వెళ్ళింది. అది భూమధ్యరేఖకు పైన, సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండేది. ఒకేచోట నిలబడి ఉంటుందన్నాను కదా? నిజానికి అది గంటకు 11,000 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతూనే ఉంటుంది! రంగులరాట్నంలో మీరొక గుర్రం మీద, మీ చెల్లెలు పక్క గుర్రం మీద ఎక్కారనుకోండి. ఇద్దరూ తిరుగుతున్నా చెల్లెలు మీ పక్కనే ఉంటుంది. అలాగే భూమి ఒకసారి తిరిగే సమయంలోనే ఈ ఉపగ్రహమూ భూమిని ఒకసారి చుట్టి వస్తుంది. అందుచేత మన నెత్తిమీద నిలిచినట్టే ఉంటుంది.

బాగానే ఉన్నది, మరి చీకటి పడితే దానికేమి కనబడుతుంది? మీ అమ్మ పెనం కాలిందో లేదో ఎలా చూస్తుంది? అరచేయి పైన ఆనీ ఆనకుండా పెడుతుంది. తాకదు, అయినా వేడి తెలుస్తుంది. పెనం నుంచి కంటికి కనబడని కిరణాలు వస్తాయి. వాటిని పరారుణ కిరణాలంటారు. ప్రతి వస్తువూ తన వేడినిబట్టి వాటిని వెలువరిస్తుంది, మేఘం కూడాను. ఉపగ్రహంలోని యంత్రం ఆ కిరణాలనే పట్టుకుంటుంది. దానికి దీపమూ అక్కరలేదు, సూర్యుడూ అక్కరలేదు.

తుపాను మేఘాలు 15 కిలోమీటర్ల ఎత్తుకు కూడా లేస్తాయి. అక్కడ చలి సున్నాకు 70 డిగ్రీలు దిగువకు పోతుంది. ఎంత చల్లగా ఉంటే బొమ్మలో అంత తెల్లగా వేస్తారు. తుపాను బాగా ముదిరినప్పుడు ఆ తెల్లని సుడి నడుమ ఒక నల్లచుక్క కనబడుతుంది. అదే తుపాను కన్ను. అక్కడ ఎత్తయిన మేఘం లేదు గనుక, కింది వెచ్చదనం పైకి కనబడుతుందన్నమాట.

ఇన్‌శాట్-1బికి కన్నే కాదు, నోరు కూడా ఉండేది. తీరంలోని ఊళ్ళలో పెట్టిన పెట్టెలకు అది హెచ్చరికను నేరుగా అందించేది. ఆ పెట్టె మొదట కూత పెట్టి, తరువాత అక్కడి భాషలో మాట్లాడేది.

1990 మే 9వ తేదీన మళ్ళీ అదే కృష్ణాతీరాన్ని, 1977 దానికేమీ తీసిపోని తుపాను తాకింది. ఈసారి లక్షమందికి పైగా ముందే ఊళ్ళు విడిచి వెళ్ళారు. చనిపోయినవారు వెయ్యి లోపు. అదీ తక్కువేమీ కాదు. కాని పదివేలతో పోల్చి చూడండి. ఇదంతా ఉపగ్రహం గొప్పే అని నేననను. దివిసీమ విషాదం తరువాత తీరాన గట్టి తుపాను షెల్టర్లు కట్టారు. పాడిగేదెను విడిచి రానని మొండికేసే అవ్వను ఒప్పించి లారీ ఎక్కించేది ఉపగ్రహం కాదు కదా!

ఇప్పుడు ఆ పని ఇన్‌శాట్-3డిఆర్, 3డిఎస్ చేస్తున్నాయి. ఇవి మన శ్రీహరికోట నుంచే 2016లోను, 2024లోను ఎగిరాయి. అరగంటకొక బొమ్మ పంపుతాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కన్ను విశాఖపట్నం మీదుగా పోయింది. హోరుమన్న గాలి ఉన్నట్టుండి తగ్గింది. తుపాను పోయిందని వీధిలోకి రాబుద్ధి పుట్టే సమయమది. ఉపగ్రహం బొమ్మ చూసేవారికి మాత్రం తెలుసు, చుక్కకు అవతల మేఘపు గోడ ఇంకా రావలసి ఉన్నదని. కొంతసేపటికి గాలి మళ్ళీ లేచింది, ఈసారి ఎదురు దిక్కు నుంచి.

ఈసారి తుపాను వచ్చినప్పుడు పేపరులోనో, టీవీలోనో వేసే బొమ్మలో ఆ నల్లచుక్కను వెతకండి. సుడి గడియారం ముళ్ళు తిరిగే వైపు తిరుగుతున్నదా, ఎదురుగా తిరుగుతున్నదా? చూసి రాసి పెట్టుకోండి. ఎందుకలా తిరుగుతుందో వచ్చే నెల చెబుతాను.