రెండో తాళం ఉండగానే

నేటి కారు తాళం చూడటానికి ఒక్కటే అయినా, దాని ప్లాస్టిక్ డొల్లలో మూడు వేర్వేరు వస్తువులు ఉంటాయి. తలుపు తీసే లోహపు బ్లేడు మొదటిది. గుండీ నొక్కితే దూరం నుంచే లాక్ వేసే రిమోట్ రెండోది. మన దేశపు కార్లలో ఇది ఎక్కువగా 433.92 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, దీనికి బ్యాటరీ కావాలి. మూడోది చిప్. గింజంత ఉండే ఈ చిప్‌కు బ్యాటరీతో పనిలేదు. స్టార్ట్ చేసే చోట కారులో అమర్చిన తీగచుట్ట నుంచి అందే కొద్దిపాటి శక్తితోనే మేల్కొని తన గుర్తింపు చెబుతుంది. కారులోని ఇమ్మొబిలైజర్ దాన్ని పోల్చుకుంటేనే ఇంజన్ నడుస్తుంది. ఐరోపా సమాఖ్యలో 1998 నుంచి కొత్త కార్లకు తప్పనిసరైన ఈ ఏర్పాటు, తర్వాత మన చిన్న కార్లలోకీ వచ్చింది. తాళం పాడైందన్నప్పుడు ఈ మూడింటిలో ఏది పాడైందో తేలకముందే డబ్బు తీయడం తొందరపాటు.

రిమోట్ పలకనప్పుడు ముందు చూడాల్సింది బటన్ సెల్. దాని మీద ఉండే సీఆర్ 2032 అన్న అంకెల్లోనే కొలతలున్నాయి: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. కొన్ని తాళాలకు 1620, 1632 రకాలు పడతాయి. ఒకదాని బదులు మరొకటి ఇరికిస్తే లోపలి రేకులు వంగిపోతాయి. ఈ సెల్ వాచీల దుకాణంలో సాధారణంగా వంద రూపాయల లోపే దొరుకుతుంది. బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్లలో సెల్ పూర్తిగా చచ్చిపోయినా బండి ఆగిపోనక్కర్లేదు. తాళంలో దాగిన బ్లేడును లాగి తలుపు తీసి, తాళాన్ని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే చాలా మోడళ్లు స్టార్ట్ అవుతాయి. ఈ సంగతి కారుతో ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. ఆ పేజీ తిప్పకుండానే టోయింగ్ బండిని పిలిపించే వాళ్లున్నారన్నదే బాధ.

గుండీలు అరిగి నొక్కుడు పడకపోతే, బోర్డు మీది చిన్న స్విచ్ మార్చడం సెల్‌ఫోన్ రిపేరు చేసే చేతికి పెద్ద పని కాదు. అనకాపల్లి జిల్లాలోని చోడవరంలాంటి ఊళ్లో ఆ పనితనానికి కొదవ లేదు. డొల్ల పగిలితే డొల్ల ఒక్కటే కొని, పాత బోర్డునూ బ్లేడునూ అందులోకి మార్చుకోవచ్చు. ఇక్కడే ఒక పొరపాటు ఖరీదైనదిగా మారుతుంది. కొన్ని మోడళ్లలో చిప్ బోర్డు మీద ఉండదు, పాత డొల్ల గోడలో విడిగా దూర్చి ఉంటుంది. డొల్లతోపాటు దాన్నీ పారేస్తే, కొత్త తాళం తలుపు తీస్తుంది గానీ ఇంజన్ కదలదు. బట్టలతోపాటు నానిన తాళానికైతే వెంటనే సెల్ తీసేయాలి. నీళ్లకన్నా నీళ్లలో ఉండగా ప్రవహించే కరెంటే బోర్డును ఎక్కువ తినేస్తుంది. నీడన పూర్తిగా ఆరాకే సెల్ తిరిగి వేయాలి.

తాళం పోవడం వేరే సంగతి. రెండు తాళాల్లో ఒకటి పోయి ఒకటి మిగిలితే ఖర్చు ఒక తీరు. ఉన్నదొక్కటీ పోతే మరో తీరు. చోడవరం 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లాలో చేరినా, చాలా కంపెనీల పెద్ద సర్వీస్ సెంటర్లకు ఇప్పటికీ విశాఖపట్నమే దిక్కు, అంటే సుమారు 50 కిలోమీటర్లు. తాళం ఉంటే బండి తనే నడిచి వెళుతుంది. చోడవరం దగ్గరి గోవాడ చక్కెర ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఏ చెరకు తోటలోనో ఒక్కగానొక్క తాళం జారిపోతే, బండిని లాగించే కూలి ముందు పడుతుంది, తాళం ఖరీదు ఆ తర్వాత. అలాంటప్పుడు పరికరాలతో బండి దగ్గరికే వచ్చి తాళం చేసే పనివాడు చాలాసార్లు చవక. ఆర్‌సీ, ఆధార్ చూడకుండా పని మొదలుపెట్టేవాణ్ని మాత్రం నమ్మకూడదు.

ఒక తాళం చేతిలో ఉంటే రెండు దారులు. ఉన్న చిప్‌లోని గుర్తింపును కొత్త చిప్‌లోకి ఎక్కించడం కాపీ. స్టీరింగ్ కింది సాకెట్‌కు యంత్రం తగిలించి కొత్త చిప్‌ను కారుకు పరిచయం చేయడం ప్రోగ్రామింగ్. కాపీ తేలిక, అయితే పోయిన తాళం కూడా కారును స్టార్ట్ చేస్తూనే ఉంటుంది. ప్రోగ్రామింగ్‌లో పోయిన తాళాన్ని కారు మెమరీ నుంచి తుడిచేయించవచ్చు. డబ్బు కాస్త ఎక్కువైనా ఇదే చేయించుకోవాలి. తాళాలవాళ్లు 46, 47 అని పిలిచే చిప్‌లు ఒకదాని బదులు ఒకటి పనికిరావు కాబట్టి, ఆన్‌లైన్‌లో రిమోట్ కొనేవారు రూపం చూసి కాక పార్ట్ నంబరూ చిప్ రకమూ చూసి కొనాలి. బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్ల తాళం, అంటే స్మార్ట్ కీ, వాడేసినదైతే ఇంకా జాగ్రత్త. చాలావరకు అవి పాత కారుకే ముడిపడి ఉంటాయి.

మొత్తం లాక్ సెట్ మార్చాలని సర్వీస్ సెంటర్‌లో చెప్పడం కద్దు. తాళం ఎక్కడో పడిపోయి ఉంటే, దాన్ని మెమరీలోంచి తీసేశాక ఆ వేల రూపాయల ఖర్చు అనవసరం. అది దొంగ చేతిలో పడిందని, బండి ఎవరిదో వాడికి తెలుసని అనుమానం ఉంటే మార్చడమే న్యాయం. మెమరీలోంచి తీసేసినా బ్లేడు తలుపు తీస్తూనే ఉంటుంది.

మామూలు ఇన్సూరెన్స్ పాలసీ పోయిన తాళానికి డబ్బివ్వదు. కీ రీప్లేస్‌మెంట్ అన్న అదనపు కవర్ తీసుకుని ఉంటే ఇస్తుంది, పోలీసు ఫిర్యాదు కాగితం అడుగుతుంది. ఆ కవర్ లేనివారికీ ఫిర్యాదు అవసరమే. రేపు కారు దొంగతనానికి గురైతే బీమా కంపెనీ రెండు అసలు తాళాలూ అప్పగించమంటుంది. రెండోది ఎప్పుడో పోయిందని నోటిమాటగా చెబితే క్లెయిము చిక్కులో పడుతుంది. పోయిన రోజే స్టేషన్‌లో రాసిచ్చి రసీదు తీసుకుని, బీమా కంపెనీకి మెయిల్ పెట్టి ఉంచితే ఆ పేచీ రాదు. ఇందుకు ఖర్చేమీ లేదు.

సెకండ్‌హ్యాండ్ కారుకు ఒకే తాళం ఇస్తే, రెండోదాని ఖర్చు బేరంలోనే తగ్గించుకుని ఆ వారంలోనే చేయించాలి. కొత్త కారు కొని చోడవరం స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి ముందు పూజ చేయించే రోజున, తాళాల గుత్తికి ఒక నంబరు బిళ్ల వేలాడుతుంటే దాన్ని ఫొటో తీసి, బిళ్లను గుత్తి నుంచి విడదీసి ఇంట్లో దాచాలి. ఆ నంబరుతో కొత్త బ్లేడును నేరుగా కోయవచ్చు. అది లేనప్పుడు, ఉన్న తాళం కూడా పోతే, తలుపు తాళాన్ని విప్పి లోపలి పళ్ల కొలతలు తీసుకోవాల్సి వస్తుంది.