మెహర్ రాసుకుంటాం, ఉజ్రత్ ఎందుకు రాసుకోం?

"అప్నా బచ్చా హై, వానితోని హిసాబేంది?"

మెదక్‌లో ఈ మాట పడని ముసల్మాన్ ఫోటోగ్రాఫర్ ఉండడు. మనం దీన్ని మొహబ్బత్ అనుకుంటున్నాం. నేను జుల్మ్ అంటున్నాను. గుస్సా వస్తే రానీయండి, చివరిదాకా చదవండి.

పోయిన షాదీల సీజన్‌లో రాందాస్ చౌరస్తా దగ్గర ఒక కుర్రాడి స్టూడియోలో కూచున్నాను. పెళ్లికూతురి చాచా వచ్చాడు. నికా, వలీమా, రెండు రోజుల పని. కుర్రాడు ముప్పై వేలన్నాడు. చాచా నవ్వి, "పంద్రా మే కర్దే బేటా, మనోళ్లల్ల నలుగురికి చెప్త" అన్నాడు. బేరం అయిపోయింది. కాగితం లేదు, బయానా లేదు. వలీమా అయినంక ఇంకో మూడు వేలు కోసి, డబ్బాలో బిర్యానీ పెట్టి పంపారు. అదే ఇంటివాళ్లు ఫంక్షన్ హాలుకు మాత్రం నెల ముందే అడ్వాన్స్ కట్టారు.

ఆ ముప్పై వేలు ఎట్లా వచ్చిందో కుర్రాడికే సరిగా తెలియదు. పక్కన కూచోబెట్టుకుని రాయించాను. ఇంటి ఖర్చు నెలకు ఇరవై వేలు, ఏడాదికి 2,40,000. దుకాణం కిరాయి నెలకు 5,000, ఏడాదికి 60,000. కెమెరా, లెన్సులు, హార్డ్ డిస్కుల అరుగుదల, రిపేర్లు ఇంకో 60,000. మొత్తం 3,60,000. రమ్జాన్‌లో షాదీలు దాదాపు ఉండవు, ముహర్రంలో చాలా ఇళ్లు పెట్టుకోవు. మిగతా నెలల్లో అతనికి దొరికేది నలభై రోజుల పని. అంటే రోజుకు 9,000, రెండు రోజులకు 18,000. వీడియో తీసే సాథీకి 5,000, ఆల్బమ్‌కు 6,000, హైదరాబాద్ పోయి ప్రింట్ తెచ్చేందుకు 1,000. కలిపితే సరిగ్గా 30,000. ఇందులో వెనకేసుకునేది రూపాయి లేదు.

ఇప్పుడు చేతికొచ్చిన పన్నెండు వేలలోంచి సాథీ పైసలు, ఆల్బమ్, రానుపోను ఖర్చు తీసేయండి. మిగిలింది సున్నా. రెండు రాత్రులు నిలబడి, పది రోజులు కంప్యూటర్ ముందు కళ్లు కాల్చుకుని ఆ బిడ్డ ఇంటికి తీసుకెళ్లింది బిర్యానీ డబ్బా ఒక్కటే.

"మనలో మనకు రాతకోతలేంది?" అంటారు. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ ఏదో తెలుసు కదా? సూరె బఖరా, 282. అప్పు లావాదేవీలు రాసుకోవడం, గవాహీలు పెట్టుకోవడం గురించే. నికానామాలో మెహర్ రకమ్ రాసేటప్పుడు "అప్నా దామాద్ హై, రాయడమెందుకు" అని ఎవరూ అనరు. అదే నికాకు ఫోటోలు తీసేవాడి ఉజ్రత్ దగ్గరకొచ్చేసరికి రాత అవమానమైపోతుందా? 1924లో పూర్తయిన మన ఊరి చర్చి గురించి అందరూ చెప్పుకునే ముచ్చటే చూడండి: కరువులో జనానికి పని చూపించి, ఆ పనికి తిండి పెట్టి కట్టించారని. కరువులో కూడా మెహనత్‌కు బదులు దొరికింది. మన దావతుల్లో దొరకడం లేదు.

"మేం గరీబోళ్లం, ముప్పై వేలు యాడికెల్లి తేవాలె?" సరైన సవాలే. అయితే పని తగ్గించుకోండి. ఒక్క నికా రోజు, వీడియో వద్దు, ఆల్బమ్ వద్దు, పెన్ డ్రైవ్‌లో ఫోటోలు చాలు: 9,000. ఇది హలాల్ బేరం. పని అంతే ఉంచి కూలి సగం కోయడం బేరం కాదు.

ఫోటోగ్రాఫర్ భాయియో, తప్పు మీ దగ్గరా ఉంది. నోటితో ఒక్క అంకె చెప్తే కస్టమర్ ఆ అంకెనే కోస్తాడు. పక్క దుకాణం వాడు పాతిక అంటే మీరు ఇరవై అంటారు. ఒక కాగితం రాసివ్వండి: ఏ తారీఖు, ఎన్ని గంటలు, ఎంతమంది వస్తారు, ఆల్బమ్ ఎన్ని పేజీలు, ఎప్పుడిస్తారు, బయానా ఎంత, షాదీ వాయిదా పడితే ఏంది. దేనికెంతో విడివిడిగా కనబడితే, పైసలు తగ్గించమన్న ప్రతిసారీ "ఏది తీసేయమంటారు?" అని అడగొచ్చు.

కాగితం ఇంటివాళ్లకూ రక్షణే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, పైసలిచ్చి తీయించుకున్న ఫోటో మీద హక్కు, వేరే ఒప్పందం లేకుంటే, తీయించుకున్నవారిదే. మన ఆడవాళ్ల ఫోటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టొద్దని ముందే రాసుకుంటే తర్వాత లడాయి ఉండదు. పర్దా ఫికర్ కొత్తది కాదు. 1892లోనే రాజా దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం జనానా స్టూడియో తెరిచాడు. ఆరో నిజాం ఆయనకు 'ముసవ్విర్ జంగ్' అనే ఖితాబ్ ఇచ్చాడు. ఫోటో తీసేవాణ్ని అట్లా ఇజ్జత్ చేసిన రియాసత్ వారసులం మనం.

నేనూ పాక్ సాఫ్ ఏం కాదు. జర్నలిస్టుగా ఎన్నోసార్లు "ఫోటో పంపు తమ్మీ, కింద పేరు వేయిస్త" అన్నాను. ఆ పేరు చూపిస్తే కిరాణా దుకాణంలో పావుకిలో పప్పు రాదు. నా తప్పు నేను ఒప్పుకుంటున్నా.

వచ్చే షాదీకి ఫోటోగ్రాఫర్‌ను పిలిచినప్పుడు "ఎంత తగ్గిస్తవ్?" అనకండి. "కాగితం రాయి బేటా, బయానా తీసుకో" అనండి. అప్నా బచ్చా అని నిజంగా అనుకుంటే, ఆ బచ్చా ఇంట్లో కూడా పొయ్యి వెలగాలి.